నాలుగు గిటార్లు, ఒకే గది: ఇంట్లో పోల్చి వినేవారికి నా అనుభవ పాఠాలు

గిటార్ నేర్చుకునే పిల్లలు కొంత చెయ్యి తిరిగాక ఇంకో మంచి గిటార్ కొనుక్కోవాలని చూస్తారు. రెండు మూడు ఇంటికి తెప్పించుకుంటారు, స్నేహితుడిది ఒకటి అడిగి తెచ్చుకుంటారు. చాప పరిచి వరసగా పెట్టి, ఒక్కోదాని మీదా అదే పాట వాయించి, "మాస్టారూ, ఏది ఉంచుకోమంటారు?" అని ఫోన్ చేస్తారు. వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాల్లో వాయించి, ఆ తర్వాత విశాఖపట్నంలో ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకుంటూ వస్తున్నవాణ్ణి కాబట్టి ఇలాంటి పంచాయితీలు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటన్నిట్లో నాకు తేలిందొకటే. గిటార్ల మధ్య తేడా అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం గిటార్లది కాదు. అది స్ట్రింగ్స్‌ది, గదిది, వాయించే చేతిది, చూసే కంటిది. వీటిని ఒక్కొక్కటిగా పక్కకు తప్పిస్తే, మిగిలిందే ఆ గిటార్ అసలు గొంతు. అది వినిపించేదాకా తొందరపడి డబ్బు పెట్టకూడదు. నేను చెప్పేది అకూస్టిక్ గిటార్ గురించి మాత్రమే.

1. ముందు స్ట్రింగ్స్ సమానం చేయండి

కొట్టులో గోడకి వేలాడే గిటార్‌కి స్ట్రింగ్స్ ఎప్పుడు వేశారో కొట్టువాళ్లకే తెలియదు. మీ పాత గిటార్‌కి వేసి ఎన్నాళ్లయిందో మీకూ గుర్తుండదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయిస్తే మీరు పోల్చేది కొత్త తీగనీ పాత తీగనీ. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. ఉప్పుగాలికీ చేతి చెమటకీ తీగలు వారాల్లోనే నల్లబడతాయి. మీ గిటార్ మూడో స్ట్రింగ్ కింద గోరు ఆనించి, నట్ దగ్గర నుంచి మెల్లగా కిందికి జరుపుతూ రండి. రెండో ఫ్రెట్ దగ్గరో మూడో ఫ్రెట్ దగ్గరో గోరు టక్కున ఆగుతుంది. రోజూ ఫ్రెట్‌కి ఒత్తుకుని అక్కడ చుట్టు తీగ అరిగి పల్లం పడిందన్నమాట. అలాంటి తీగ ఎంత ఖరీదైన గిటార్ మీద ఉన్నా మొద్దుగానే పలుకుతుంది.

కాబట్టి పోల్చదలచుకున్న గిటార్లన్నిటికీ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే గేజ్ సెట్ ఒకే రోజు వేయండి. రకం కూడా ముఖ్యమే. 80/20 బ్రాంజ్ అంటే ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు జింక్; అది ఖంగుమని పలుకుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో జింక్ బదులు తగరం, కొద్దిగా ఫాస్ఫరస్ కలుస్తాయి. దాని పలుకు కాస్త మెత్తన, నిండుతనం ఎక్కువ. ఇక గేజ్. ఒకదానికి 10తో మొదలయ్యే సెట్, ఇంకోదానికి 12తో మొదలయ్యే సెట్ ఉంటే, రెండోదాంట్లో తీగల బిగువు ఎక్కువ. అది టాప్‌ని గట్టిగా కదిలిస్తుంది, మోత పెద్దదవుతుంది. అది గిటార్ గొప్పదనమని పొరబడేవాళ్లని ఎంతమందినో చూశాను. రెండు మూడు సెట్లకి కొన్ని వందలో, మహా అయితే వేలో అవుతుంది. వేలకు వేలు పెట్టి గిటార్ కొనబోయేవాడు ఆ మాత్రానికి వెనకాడకూడదు. స్ట్రింగ్స్ వేసిన వెంటనే వాయించి తీర్పు చెప్పకండి. అవి సాగి కుదురుకోవాలి. సాయంత్రం వేసి మర్నాడు వినండి.

2. శ్రుతి కలవని గిటార్‌కి తీర్పు లేదు

అన్నీ 440కి శ్రుతి చేయండి, ఒకే ట్యూనర్‌తో చేయండి. ఒక గిటార్ అర మెట్టు కింద ఉంటే దానికి లేని గాంభీర్యం వస్తుంది. పక్కన ఉన్నది పాపం కీచుగా వినిపిస్తుంది.

ఓపెన్ స్ట్రింగ్స్ కలిస్తే సరిపోదు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా ఆనించి హార్మోనిక్ మీటండి, అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మళ్లీ మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. తేడా ఉంటే ఆ గిటార్ మీద పైస్థాయి కార్డ్స్ ఏవీ కలవవు. చాలామంది "దీని టోన్ బాలేదు" అనేది ఇలాంటివాటినే. టోన్ తప్పేమీ లేదు, సెట్టింగ్ తప్పు. తీగల ఎత్తు కూడా చూడండి. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో స్ట్రింగ్ సుమారు 2.4 మిల్లీమీటర్లు, మొదటి స్ట్రింగ్ సుమారు 1.6 మిల్లీమీటర్లు ఎత్తుంటే మామూలు యాక్షన్. అంతకన్నా బాగా ఎత్తుగా ఉంటే నొక్కేటప్పుడు తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. మరీ కిందికి ఉంటే ఫ్రెట్లకి తగిలి జర్రుమంటుంది. తెలిసినవాళ్ల చేత సరిచేయిస్తే బాగుపడే లోపం ఇది. దీన్ని గిటార్ మీద రాసెయ్యకండి.

3. గది కూడా వాయిస్తుంది

మన ఇళ్లలో హాలంటే కింద టైల్సో గ్రానైటో, చుట్టూ నున్నటి గోడలు, పైన స్లాబ్. చప్పట్లు కొడితే తిరిగి వినిపిస్తుంది. అలాంటి చోట ఏ గిటారైనా ఘనంగానే మోగుతుంది. అదే గిటార్‌ని పరుపు, కర్టెన్లు, బట్టల అల్మరా ఉన్న పడగ్గదిలోకి తీసుకెళితే దాని పెద్దరికమంతా పోతుంది. ఒకదాన్ని హాల్లోనూ ఇంకోదాన్ని పడగ్గదిలోనూ విని పోల్చినవాళ్లు ఉన్నారు. నా సలహా పడగ్గదికే. ప్రతిధ్వని తక్కువ ఉన్నచోట గిటార్ తనంతట తాను ఏం చెబుతుందో వినిపిస్తుంది.

ఆ గదిలోనైనా కుర్చీ జరపకూడదు. ఎందుకో చెబుతాను. ఎదురెదురు గోడల మధ్య పదడుగులున్న గది మన ఇళ్లలో మామూలే. ఆ దూరానికి సెకనుకు సుమారు 56 సార్లు ఊగే శబ్దం, దానికి రెట్టింపు 112 సార్లు ఊగే శబ్దం గోడల మధ్య తిరిగి తిరిగి కూడుకుంటాయి. మన ఐదో స్ట్రింగ్ ఓపెన్‌గా మీటితే వచ్చేది 110. రెండూ దగ్గర దగ్గర కాబట్టి ఆ ఒక్క స్వరం గదిలో ఒకచోట గుమ్మంటుంది, ఇంకోచోట సన్నగిల్లిపోతుంది. నమ్మకం లేకపోతే ఒకరి చేత ఐదో స్ట్రింగ్ నెమ్మదిగా పదేపదే మీటించి, మీరు ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా నడవండి. గోడ దగ్గర నిండుగా ఉంటుంది. సుమారు రెండున్నర అడుగులు వచ్చేసరికి పలచబడుతుంది. గది మధ్యలో మళ్లీ ముందుకొస్తుంది. వాయించేవాడు వేలైనా మార్చలేదు. అలాంటప్పుడు ఒక గిటార్‌ని మంచం చివర కూర్చుని, ఇంకోదాన్ని కిటికీ దగ్గర కూర్చుని విన్నవాడు "దీనికి బేస్ ఎక్కువ" అంటే ఆ మాటకి విలువేముంది? కుర్చీ కాళ్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. అన్ని గిటార్లూ అక్కడే కూర్చుని వాయించండి. మూలకి మాత్రం కూర్చోకండి, మూల ప్రతిదానికీ బేస్ పెంచుతుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఎండాకాలంలో కష్టమే, కానీ ఆపాలి. తిరిగే రెక్కల మీద పడి వెనక్కి వచ్చే శబ్దం వణుకుతుంది. పొడుగ్గా సాగే స్వరానికి గిటార్‌లో లేని అలలు వస్తాయి. ఇన్వర్టర్, ఫ్రిజ్ చేసే గుర్రు కిందిస్థాయి స్వరాలతో కలిసిపోతుంది కాబట్టి వాటికి దూరంగా ఉన్న గది చూసుకోండి. ఒకసారి మా శిష్యురాలి ఇంట్లో ఒక గిటార్ మీద ఒక్క స్వరం దగ్గర ఝుయ్యిమని వస్తోంది. అందరం ఫ్రెట్లు చూశాం, బ్రిడ్జ్ చూశాం. ఆఖరికి తేలిందేమిటంటే వంటింటి స్టాండులో ఒకదానిమీద ఒకటి పెట్టిన స్టీలు పళ్లేలు ఆ స్వరానికి వణుకుతున్నాయి. తలుపు మూస్తే ఆగిపోయింది. గిటార్ వెనక్కి పంపేద్దామని పాపం వాళ్లు అట్టపెట్టె కూడా తీశారు.

4. వాయించేవాడి చెవి వేరు, వినేవాడి చెవి వేరు

గిటార్ ముఖం ముందుకి ఉంటుంది. సన్నని, పదునైన పలుకంతా ముందుకే పోతుంది. వాయించేవాడి చెవి పైన, కాస్త వెనక ఉంటుంది కాబట్టి అతనికి చేరేది మెత్తబడిన శబ్దం. కొన్ని గిటార్లు వాయించేవాడికి తీయగా ఉండి ఎదురుగా కూర్చున్నవాళ్లకి గరుకుగా ఉంటాయి. కొన్ని వాయించేవాడికి ముడుచుకున్నట్టుండి, పదడుగుల అవతల బ్రహ్మాండంగా వినిపిస్తాయి. అందుకే ఇద్దరుండాలి. ఒకరు వాయించాలి, ఒకరు వినాలి, తర్వాత మారాలి. ఇంట్లో సాయానికి ఎవరూ లేకపోతే గోడకి ఎదురుగా రెండడుగుల దూరంలో కూర్చుని వాయించండి. ముందుకి పోయిన శబ్దం గోడకి తగిలి మీకే వస్తుంది. కొట్టులో ప్రయత్నించేటప్పుడు కూడా ఇదే చేయమంటాను. పక్కవాళ్లు వింతగా చూసినా పట్టించుకోకండి.

మరి ఏ చెవిని నమ్మాలి? అది మీరు ఎవరికోసం వాయిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టేజీ మీద వాయించేవాళ్లు ఎదుటి చెవిని నమ్మాలి. రాత్రి భోజనం అయ్యాక వరండాలో కూర్చుని మీకోసం మీరు వాయించుకునేవాళ్లయితే మీ చెవికి ఏది నచ్చితే అదే.

5. పెద్దగా మోగేది మంచిదనిపిస్తుంది

ఇది మనిషి చెవి స్వభావం. ఒకే పాటని కాస్త పెంచి వినిపిస్తే అందరూ రెండోసారి బాగుందనే అంటారు. శబ్దం పెరిగేకొద్దీ చెవికి కింది స్వరాలు, పై స్వరాలు మరింత బాగా అందుతాయి. అందుకే నిండుగా ఉన్నట్టు తోస్తుంది. కొట్లో డ్రెడ్‌నాట్ వాయించి పడిపోయినవాళ్లంతా ముందు ఈ మోతకి పడిపోయినవాళ్లే.

డ్రెడ్‌నాట్ అంటే నడుము పెద్దగా నొక్కుకోకుండా వెడల్పుగా ఉండే పెద్ద బాడీ. ఇప్పుడు ఎక్కడ చూసినా ఈ ఆకారమే. 1906లో బ్రిటన్ నీళ్లలోకి దించిన యుద్ధనౌక పేరు దానికి పెట్టారు. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1916లో డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం ఈ ఆకారం చేసి ఇచ్చింది, 1931 నుంచి తన సొంత పేరుతో అమ్మింది. పాటకి తోడుగా గట్టిగా స్ట్రమ్ చేసేవాడికి, మైకు లేకుండా నలుగురికీ వినిపించాల్సినవాడికి అది దేవుడిచ్చిన వరం. కానీ అపార్ట్‌మెంట్‌లో పదింటప్పుడు పక్క ఫ్లాట్‌కి వినపడకుండా వేళ్లతో మెల్లగా మీటుకునే అమ్మాయికి ఆ మోత దేనికి? చిన్న బాడీ గిటార్లు తేలికపాటి మీటుకే పలుకుతాయి. ఆరు స్ట్రింగ్స్ విడివిడిగా వినిపిస్తాయి. ఒళ్లో ఒదుగుతాయి, భుజం నొప్పి రాదు.

రెండిటినీ న్యాయంగా పోల్చాలంటే మోత సమానం చేసి వినాలి. గట్టిగా మోగేదాన్ని వినేవాడి నుంచి కాస్త దూరం జరపండి, లేదా కొద్దిగా మెత్తగా వాయించండి. ఈ ఒక్క పని చేస్తే ఇంతసేపూ గెలుస్తున్న గిటార్ చాలాసార్లు ఓడిపోతుంది. స్ట్రింగ్స్ తర్వాత నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది దీనికే.

6. పాటంతా వాయించకండి

పలుకులోని సూక్ష్మమైన తేడాలు మన జ్ఞాపకంలో ఎంతోసేపు నిలవవు. ఐదు నిమిషాల పాట ఒకదాని మీద మొత్తం వాయించి, నీళ్లు తాగి, రెండోది అందుకునేసరికి మొదటిది ఎలా ఉందో మీకు గుర్తుండదు. "బాగుంది" అన్న అభిప్రాయం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి చిన్న ముక్క ఎంచుకోండి. నాలుగు సెకన్లది చాలు. ఒకదాని మీద వాయించి, వెంటనే రెండోది అందుకుని అదే వాయించి, మళ్లీ మొదటిది.

నేను పిల్లల చేత వాయించే వరస చెబుతాను. ముందు సీ కార్డ్, ఒక్కో తీగా విడివిడిగా, నెమ్మదిగా. ఆరు స్ట్రింగ్స్‌లో ఏదైనా వెనకబడుతోందా అని అప్పుడు తెలుస్తుంది. తర్వాత జీ కార్డ్ గట్టిగా ఒక స్ట్రమ్, చెయ్యి తీసేసి ఆగాలి. అంతా కలిసి ముద్దయిపోతుందా, తీగలు విడిగా తెలుస్తున్నాయా? ఆ పైన మూడో స్ట్రింగ్ మీద ఏడో ఫ్రెట్ చుట్టుపక్కల చిన్న రాగం ముక్క. మన సినిమా పాటల్లో గిటార్ సోలోలు, ఇళయరాజా పాటలు విని నేర్చుకున్న తరానికి ఈ చోటు బాగా తెలుసు. ఇక్కడ సన్నబడిపోయే గిటార్లు చాలా ఉంటాయి. ఆఖర్న మొదటి స్ట్రింగ్ పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక్క స్వరం మీటి, అది పూర్తిగా ఆగేదాకా వినాలి. ఎంతసేపు నిలిచింది, ఆగేటప్పుడు మెల్లగా తగ్గిందా, తెగిపోయినట్టు ఆగిందా?

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. ఆరో స్ట్రింగ్ మీద ఓపెన్ నుంచి ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ ఒకే బలంతో మీటండి. మూడు, నాలుగు ఫ్రెట్ల దగ్గర పెద్ద బాడీ గిటార్లలో స్వరం ఉన్నట్టుండి ఉబ్బుతుంది, త్వరగా ఆరిపోతుంది. ఆ స్వరాలు 98, 104 ప్రాంతంలో ఉంటాయి. బాడీ లోపలి గాలి సహజంగా ఊగే వేగం కూడా దాదాపు అదే. సౌండ్ హోల్ దగ్గర నోరు పెట్టి కింది నుంచి మెల్లగా "ఊ" అంటూ శ్రుతి పెంచుకుంటూ పోండి; ఒకచోట గిటార్ మీకు వంత పాడుతుంది. అదే ఆ గాలి స్వరం. సౌండ్ హోల్ మీద అట్టముక్క అడ్డం పెట్టి మళ్లీ మీటితే ఆ ఉబ్బు తగ్గిపోతుంది. ప్రతి గిటార్‌కీ ఇది ఎంతో కొంత ఉంటుంది, లోపమనుకోకండి. ఉబ్బు మరీ ఎక్కువై ఆ ఒక్క స్వరమే పక్కవాటిని తొక్కేస్తుంటే మాత్రం ఆలోచించండి. మీరు పాడే శ్రుతికి అది ముఖ్యమైన స్వరం అయితే రోజూ దాంతో పేచీయే.

7. కళ్లు మూసుకోండి

హెడ్‌స్టాక్ మీద పేరు చూశాక చెవి స్వతంత్రంగా వినదు. పేరు మీద తువ్వాలు కప్పండి, వినేవాళ్లు అటు తిరిగి కూర్చోవాలి. వాయించేవాళ్ల కళ్లకి గంతలు కట్టి గిటార్ చేతికివ్వండి. మధ్యలో చెప్పకుండా ఒకే గిటార్‌ని రెండుసార్లు ఇవ్వండి. రెండుసార్లూ ఒకే మాట చెప్పినవాడి చెవిని నమ్మొచ్చు. మొదటిసారి "గొంతు విప్పింది" అని, రెండోసారి "ముక్కుతో మాట్లాడుతోంది" అని అన్నారంటే ఆ రోజుకి ఆపేసి ఇంకో రోజు పెట్టుకోవాలి. చెవి కూడా అలిసిపోతుంది.

ఇది నా చాదస్తం కాదు. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రోజర్ బక్‌నాల్ అనే గిటార్ తయారీదారుడి చేత ఆరు గిటార్లు చేయించారు. ఆరూ అన్నివిధాలా ఒకటే, వెనక పలక, పక్క పలకల చెక్క మాత్రమే వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన ఇండియన్ రోజ్‌వుడ్ నుంచి మేపుల్, మహాగని, సపేలీ, వాల్‌నట్ దాకా. 52 మంది గిటారిస్టుల చేత మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి వాయింపించారు. ఖరీదైన చెక్కకీ చవక చెక్కకీ వాళ్లిచ్చిన మార్కులు దాదాపు సమానంగా వచ్చాయి. ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి.

8. టాప్‌కి డబ్బు పెట్టండి, వెనక చెక్కకి కాదు

ఈ సంగతి స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ ఎప్పుడో చేసి చూపించాడు. ఈనాటి క్లాసికల్ గిటార్‌కి రూపం ఇచ్చినవాడాయన. 1862లో వెనకా పక్కలా అట్టతో, టాప్ మాత్రం మంచి స్ప్రూస్‌తో ఒక గిటార్ చేశాడు. పలుకంతా టాప్‌లోనే ఉందని చూపించడానికే ఆ పని చేశాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

టాప్ ఒకే పలకా, ప్లైవుడ్డా అన్నది ముందు చూడండి. వెలుతురులో సౌండ్ హోల్ అంచు మందాన్ని పరీక్షగా చూడాలి. పైన కనిపించే నార గీతలు అంచులోకి అలాగే దిగితే ఒకే పలక, దాన్నే సాలిడ్ టాప్ అంటారు. అంచులో పొరలు కనిపిస్తే లామినేట్. సాలిడ్ టాప్ స్వేచ్ఛగా ఊగుతుంది, మెత్తగా మీటినా గట్టిగా మీటినా తేడా చూపిస్తుంది. లామినేట్ బిగుసుకుని ఉంటుంది. అయితే ఎండకీ వానకీ అది బాగా ఓర్చుకుంటుంది; బడికి, పిక్నిక్‌కి, రైలు ప్రయాణాలకి అదే నయం. పదేళ్ల పిల్లాడికి మొదటి గిటార్ లామినేట్ అయినా దిగులు పడక్కర్లేదు. సాలిడ్‌లో స్ప్రూస్ గట్టి చెక్క, ఎంత బలంగా వాయించినా తట్టుకుంటుంది. సెడార్ మెత్తన, వేళ్లతో మీటేవాళ్లకి తొందరగా నోరు విప్పుతుంది. పిక్‌తో బాదితే ఒక హద్దు దాటాక ఇక పెరగదు.

వెనక చెక్క సంగతికొస్తే రోజ్‌వుడ్ పేరు చెప్పి అమ్మేవాళ్లు ఎక్కువ. మన అడవుల్లో పెరిగే ఇరుగుడు చెట్టే ఈ ఇండియన్ రోజ్‌వుడ్. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేయడంతో మార్టిన్ కంపెనీ 1969లో దీనికి మారింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం 1992లో, అంతరించిపోతున్న జాతుల రక్షణకి దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందం కింద, దాదాపుగా నిషిద్ధమైంది. 2017లో ఆ జాతి చెట్లన్నిటికీ పర్మిట్లు పెట్టారు, 2019లో తయారైన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు. అందం కోసం రోజ్‌వుడ్ కొనుక్కుంటే సంతోషం. దాని వల్లే పలుకు మారిపోతుందని ఎవరైనా అంటే తువ్వాలు కప్పి వినమనండి.

9. ఫోన్ రికార్డింగ్‌ని సగమే నమ్మండి

ఫోన్ తనంతట తానే శబ్దాన్ని సరిచేస్తుంది. పెద్దగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, చిన్నదాన్ని పెంచుతుంది. స్వరం ఆరిపోయేటప్పటి తోకని రణగొణ అనుకుని తుడిచేస్తుంది. అందుకని స్వరం ఎంతసేపు నిలిచిందో ఫోన్‌లో తేలదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ మీద అయితే అసలు తీర్పు చెప్పకండి. రికార్డింగ్ యాప్‌లో ఇలాంటి సవరింపులు ఆపే వీలుంటే ఆపి, ఫోన్‌ని పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా అడుగున్నర దూరంలో స్టూలు మీద కదలకుండా పెట్టండి. వినేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌కి కింది స్వరాలు పలకవు.

10. వానాకాలం గిటార్, ఎండాకాలం గిటార్

చెక్క గాలిలో తేమ పీలుస్తుంది, వదులుతుంది. గిటార్‌కి నలభై ఐదు నుంచి యాభై ఐదు శాతం తేమ హాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానల్లో అది డెబ్భై ఎనభై దాటిపోతుంది. టాప్ ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, పలుకు బరువెక్కుతుంది. అదే గిటార్ ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఉంటే ఎండి పదునెక్కుతుంది, ఫ్రెట్ల చివరలు చేతికి గుచ్చుకుంటాయి. కొరియర్‌లో వచ్చినదాన్ని ఆ గంటలోనే పెట్టె చించి, ఇంట్లో ఏళ్లుగా ఉన్నదాంతో పోల్చడం అన్యాయం. ఒకటి రెండు రోజులు కేస్‌లోనే పెట్టి, ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. వాపసు గడువు ఎన్నిరోజులో ముందే చూసుకుని, ఆ లోపల ఈ పనంతా అయ్యేట్టు రోజులు కేటాయించుకోండి. ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలేయకండి. బ్రిడ్జ్ జిగురు మెత్తబడి లేచిపోతే ఇక పోల్చడానికేం ఉండదు.

11. నైలాన్‌ని స్టీల్‌తో పోల్చకండి

క్లాసికల్ గిటార్ నైలాన్ తీగలది. వెనకటి రోజుల్లో జంతువుల పేగుతో చేసిన తీగలు వాడేవారు. 1940లలో ఆల్బర్ట్ ఆగస్టిన్ న్యూయార్క్‌లో నైలాన్ తీగలు తయారుచేస్తే, క్లాసికల్ గిటార్ విద్వాంసుడు సెగోవియా అంతటివాడు వాటిని వాడి నిలబెట్టాడు. అది వేరే వాద్యమనే అనుకోండి. దాని నెక్ వెడల్పు, బిగువు తక్కువ, గొంతు గుండ్రన. స్టీల్ గిటార్ పక్కన పెట్టి ఏది గొప్పని అడగడం అర్థం లేని పని. నైలాన్‌ది కావాలా, స్టీల్‌ది కావాలా అన్నది ముందే తేల్చుకోండి.

12. మీ చేతితోనే, మీ పాటతోనే

ఈ పరీక్షలన్నీ అయ్యాక చివరికి మిగిలేవి సాధారణంగా రెండు. ఆ రెండిటినీ మీరు రోజూ వాయించే పద్ధతిలోనే వాయించండి. వేళ్లతో మీటేవాళ్లు పిక్ పట్టి తీర్పు చెప్పకూడదు. పిక్ వాడేవాళ్లు రెండిటికీ ఒకే మందం పిక్ వాడాలి, సౌండ్ హోల్ నుంచి ఒకే దూరంలో మీటాలి. బ్రిడ్జ్ వైపు రెండంగుళాలు జరిగితే చాలు, ఏ గిటారైనా పదునెక్కిపోతుంది. పాడుతూ వాయించేవాళ్లు పాడి చూడండి. ఒంటరిగా అద్భుతంగా వినిపించిన గిటార్ మీ గొంతు మీద పడి దాన్ని కప్పేయొచ్చు. గమకాలు పలికించేవాళ్లు తీగ లాగి చూడండి. లాగినప్పుడు స్వరం చచ్చిపోకుండా పైకి వెళ్లాలి. ఇంట్లోవాళ్లని కూడా అడగండి. పక్క గదిలో కూర్చుని రోజూ వినేది వాళ్లే. సంగీతం రాదన్నవాళ్లు కూడా ఏది చెవికి హాయిగా ఉందో సరిగ్గా చెబుతారు.

13. ఒక గిటార్‌తో పోలిక కుదరదు

ఇందాకటి నుంచి చెప్పినవన్నీ చేయాలంటే ఒకే ఇంట్లో, ఒకే సాయంత్రం రెండు మూడు గిటార్లుండాలి. మన ఊళ్లలో నేర్చుకునే పిల్లల్లో చాలామందికి ఆ వీలు లేదు. చిన్న ఊళ్లలోనైతే చేతికిచ్చి వాయించనిచ్చే కొట్టు కూడా దొరకదు. ఫోటో చూసి, ఎవరో వాయించిన వీడియో చూసి డబ్బు కట్టేస్తున్నారు. అందుకే గిటార్లు ఉన్నవాళ్లకి నాదొక విన్నపం. మీ వీధిలో కొనబోయే పిల్లలెవరైనా వచ్చి అడిగితే మీ గిటార్ ఒక పూట ఇవ్వండి. మీరూ పక్కన కూర్చుని వాయించి పెట్టండి. అడగడానికి వచ్చే పిల్లలకి కూడా ఒక మాట: తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త స్ట్రింగ్స్ సెట్ ఒకటి వేయించి ఇవ్వండి.